నీటి వేడే ముందు: మస్కీ వేట తొలి వారాల్లో లూర్ ఎంపిక

మస్కెలంజ్ అనే పూర్తి పేరు గల, గాలమేసేవారందరూ మస్కీ అని పిలుచుకునే చేప ఉత్తర అమెరికా మంచినీళ్లలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పుట్టి పెరగదు. మహాసరస్సుల పరీవాహక ప్రాంతం, సెయింట్ లారెన్స్ నది, మిసిసిపీ ఎగువ భాగం, ఒహాయో నదీ వ్యవస్థ దాని స్వస్థలాలు. నార్తర్న్ పైక్ అనే చేపకు దగ్గరి చుట్టమైన ఈ జాతి పొడవాటి దేహంతో, చదునైన ముట్టెతో, తోకకు చేరువగా జరిగిన వీపురెక్కతో, నీటిమొక్కల మధ్య కదలకుండా మాటువేసి ఒక్క ఉదుటున ఎర మీద పడేందుకు తగినట్టుగా రూపొందింది. విస్కాన్సిన్ రాష్ట్రం 1955లో దీనిని తన రాష్ట్ర చేపగా ప్రకటించింది. ఏ సరస్సులోనైనా మస్కీల సంఖ్య తక్కువగానే ఉండటం వల్లా, ఉన్న కొద్దిపాటి చేపలు సైతం ఎర వెంట పడవ దాకా వచ్చి నోరు తెరవకుండానే మళ్లిపోవడం వల్లా దీనిని పదివేల విసుర్లకు ఒకసారి దొరికే చేపగా అక్కడి వేటగాళ్లు చెప్పుకుంటారు.

మినియాపొలిస్, మిల్వాకీ, షికాగో, డెట్రాయిట్, టొరంటో పరిసరాల్లో ఉద్యోగరీత్యా స్థిరపడిన తెలుగువారికి ఈ సరస్సులు కారులో కొన్ని గంటల దూరంలో ఉంటాయి. ఊరి చెరువులో వానపామును ముల్లుకు గుచ్చి గాలమేసిన అలవాటుతో వెళ్లినవారు, అక్కడి దుకాణంలో గోడ నిండా వేలాడే లూర్‌లను చూసి దేనిని ఎందుకు కొనాలో తెలియక తికమకపడటం సహజం. కర్రతోగాని ప్లాస్టిక్‌తోగాని లోహంతోగాని చేసి, నీటిలో లాగినప్పుడు ప్రాణమున్న చేపలా కదిలేలా మలచిన కృత్రిమ ఎరనే లూర్ అంటారు. మస్కీ కోసం చేసిన లూర్‌లలో చాలావాటి ధర 20 డాలర్ల పైమాటే కాబట్టి, ఆలోచించకుండా కొన్న పెట్టెడు లూర్‌లు డబ్బును మాత్రమే కాక, ఏడాదిలో అతి విలువైన తొలి వారాలను కూడా వృథా చేస్తాయి. ఈ అధ్యాయం ఆ తొలి వారాలకే పరిమితం.

వేట మొదలయ్యే నాటికి చేప పరిస్థితి

మస్కీ గుడ్లు పెట్టే రోజుల్లో దానిని వేటాడకుండా చాలా ఉత్తరాది రాష్ట్రాలు వసంతంలో వేటను నిలిపివేస్తాయి. మిన్నెసోటాలో సాధారణంగా జూన్ మొదటి శనివారం, ఒంటారియోలోని లేక్ ఆఫ్ ది వుడ్స్ వంటి ప్రసిద్ధ సరస్సుల్లో జూన్ మూడో శనివారం వేట తెరుచుకుంటుంది; విస్కాన్సిన్ దక్షిణ భాగంలో మే మొదట్లోనే తెరుచుకునే సంప్రదాయం ఉండగా, ఉత్తర భాగంలో మే చివరి వారం దాకా ఆగవలసి వస్తుంది. కెంటకీ వంటి దక్షిణాది రాష్ట్రాల్లో ఏడాది పొడవునా వేట సాగుతుంది కనుక అక్కడ తొలి కాలం అనే మాటకు అర్థమే వేరు. ఈ తేదీలు ఏటా మారే అవకాశం ఉండటంతో ఆ ఏటి నిబంధనల పుస్తకాన్ని చూడకుండా బయలుదేరడం తగదు.

తేదీ కంటే ముఖ్యమైనది ఆ తేదీ నాటికి చేప ఏ స్థితిలో ఉన్నదనే విషయం. మంచు కరగగానే పైక్ గుడ్లు పెడుతుంది. మస్కీ మాత్రం ఇంకొంత కాలం ఆగి, నీటి ఉష్ణోగ్రత 50 నుంచి 60 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్యకు, అంటే సుమారు 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు, లోతు తక్కువ నీటిలో గుడ్లు చల్లుతుంది. అన్ని చోట్లా ఒడ్డు వెంబడే ఈ పని జరగదు. మిన్నెసోటాలోని లీచ్ లేక్‌లో మస్కీలు ఒడ్డుకు దూరంగా, అడుగున పరచుకున్న కారా అనే నీటి పాచి మీద గుడ్లు పెడతాయి. గూడు కట్టడం, గుడ్లకు కాపలా కాయడం మస్కీకి లేవు.

ఈ చివరి విషయం తెలంగాణ, ఆంధ్ర చెరువుల్లో కొరమీను పట్టినవారికి ప్రత్యేకంగా చెప్పవలసినది. కొరమీను తన పిల్లల గుంపును వెన్నంటి కాచుకుంటుంది, దగ్గరకు వచ్చిన దేనినైనా తరిమికొడుతుంది, ఆ కోపంలో ఆకలి లేకున్నా కప్ప బొమ్మను సైతం కరుస్తుంది. మస్కీకి కాపాడుకునే గూడు లేదు గనుక దాని కోపాన్ని రెచ్చగొట్టే లూర్ అంటూ ఈ కాలంలో ఉండదు. గుడ్లు పెట్టి అలసిన ఆడ చేప కొన్నాళ్లు పెద్దగా కదలదు; మగ చేపలు మరికొంత కాలం అక్కడే తచ్చాడతాయి; ఆ తరువాత రెండూ కోల్పోయిన బలాన్ని తిరిగి పొందడానికి తినడం మొదలుపెడతాయి. శ్రమ తక్కువగా, కండ ఎక్కువగా దొరికే ఆహారం వైపే అప్పుడు వాటి మొగ్గు. లూర్ ఎంపిక మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

చలి ఆలస్యంగా విడిచిన ఏడాదుల్లో వేట తెరుచుకునే నాటికి కూడా కొన్ని వంపుల్లో మస్కీలు జంటలుగా లోతు తక్కువ నీటిలో మెల్లగా ఈదుతూ కనిపిస్తాయి. చట్టం అనుమతించినా అటువంటి చోట గాలం వేయకుండా పడవను వెనక్కి తిప్పుకోవడమే మంచి వేటగాడి పద్ధతి.

ప్రశ్నల వరుస

దుకాణంలో చాలామంది ముందు రంగు చూస్తారు, తరువాత బ్రాండు చూస్తారు, ఆపై పరిమాణం చూస్తారు; అది ఎంత లోతున ఎంత వేగంతో నడుస్తుందో చివరికి కూడా అడగరు. తొలి వారాల్లో ఈ వరుసను పూర్తిగా తిరగవేయాలి. నీరు ఎంత వేడిగా ఉన్నదనే ప్రశ్నకు జవాబు వేగాన్ని నిర్ణయిస్తుంది. నీటిమొక్కలు ఎంత ఎత్తు పెరిగాయనే ప్రశ్నకు జవాబు లోతును నిర్ణయిస్తుంది. ఈ రెండూ తేలాక పరిమాణం, చిట్టచివర రంగు. నీటి ఉష్ణోగ్రత తెలియకుండా లూర్ ఎంచుకోవడం ఊహాగానమే కాబట్టి పడవలో చేపలను, లోతును, నీటి ఉష్ణోగ్రతను చూపే పరికరం లేనివారు కనీసం దారం కట్టిన థర్మామీటరు ఒకటి వెంట ఉంచుకోవాలి.

మస్కీ దేహపు వేడి నీటి వేడిని బట్టి మారుతుంది. చల్లటి నీటిలో దాని జీర్ణక్రియ, కండరాల కదలిక రెండూ మందగిస్తాయి. ఉష్ణోగ్రత 55 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 13 డిగ్రీల సెల్సియస్ లోపు ఉన్నంతకాలం, ఆగి ఆగి కదిలే లూర్ మాత్రమే పనికివస్తుంది. 55 నుంచి 65 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య నిలకడగా, మెల్లగా లాగే రేకు లూర్‌లకు చేప స్పందించడం మొదలవుతుంది. నీరు 65 డిగ్రీలు, అంటే 18 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత వేసవి పద్ధతులకు దారి తెరుచుకుంటుంది. ఇవి గీత గీసినట్టు మారే హద్దులు కావు. నిన్నటి కంటే ఈ రోజు నీరు వేడెక్కుతున్నదా చల్లబడుతున్నదా అనేది అంకె కంటే ఎక్కువ చెబుతుంది. రెండు మూడు ఎండ రోజుల తరువాత 56 డిగ్రీలకు చేరిన నీటిలోని చేప, చలిగాలి వచ్చి 60 నుంచి 56కు పడిపోయిన నీటిలోని చేప కంటే చురుకుగా ఉంటుంది.

ఒకే సరస్సులో ఒకే రోజు అన్ని చోట్లా ఉష్ణోగ్రత ఒకటిగా ఉండదు. ఒడ్డు లోపలికి చొచ్చుకుపోయిన వంపులు లోతు తక్కువ కావడంతో త్వరగా వేడెక్కుతాయి. వాటిలోనూ సరస్సుకు ఉత్తరం వైపున ఉన్నవి దక్షిణపు ఎండను నేరుగా అందుకుంటాయి, ఉత్తరపు చలిగాలి నుంచి ఒడ్డు చాటున తప్పించుకుంటాయి; దక్షిణపు గాలి వీచినప్పుడు పైనున్న వెచ్చటి నీరు కూడా అటే కొట్టుకువస్తుంది. అడుగు నల్లటి బురద అయితే వేడి ఇంకా తొందరగా పట్టుకుంటుంది. వెచ్చదనం కోసం పెర్చ్, బ్లూగిల్, క్రాపీ వంటి చిన్న చేపలు అక్కడ చేరతాయి, వాగుల్లో గుడ్లు పెట్టి వచ్చిన సకర్ చేపలు ఆ దారినే సరస్సులోకి దిగుతాయి, వాటి వెనుక మస్కీ వస్తుంది. వేట అంటే తెల్లవారుజామే అనే అలవాటు ఈ కాలానికి సరిపోదు. రాత్రి చల్లబడిన వంపు తిరిగి వేడెక్కే మధ్యాహ్నం మొదలుకొని సాయంత్రం దాకా ఉన్న సమయమే మేలు.

ఆగి నిలిచే మిన్నో లూర్

తొలి వారాలకు ఒకే ఒక లూర్ కొనుక్కోవలసి వస్తే అది సన్నటి చిన్న చేప ఆకారంలో, ముట్టె కింద ప్లాస్టిక్ పెదవితో ఉండే మిన్నో లూర్ కావాలి. లాగినప్పుడు ఆ పెదవి నీటిని తోసి లూర్‌ను కిందికి దించుతుంది, అటూ ఇటూ ఊపుతుంది. ఇందులో పైకి తేలేవి, మునిగేవి, ఆపిన చోటే నిలిచేవి అని మూడు రకాలున్నాయి. చల్లటి నీటికి మూడో రకమే మేలు. లౌరీ రపాలా 1936లో ఫిన్లాండ్‌లో చేతితో చెక్కిన లూర్‌తో మొదలైన రపాలా సంస్థ తయారుచేసే హస్కీ జెర్క్ ఈ రకానికి సులభంగా దొరికే ఉదాహరణ. ఐదు నుంచి ఏడు అంగుళాల పొడవు చాలు.

దీనిని నడిపే తీరును దగ్గరగా పరిశీలిస్తే లూర్ గుణం అర్థమవుతుంది. గాలపు కర్ర కొనను నీటి వైపు వంచి, దారంలో కొద్దిగా సడలు ఉంచి, మణికట్టుతో ఒకటి రెండు పొట్టి కుదుపులు ఇస్తే లూర్ పక్కకు తిరిగి తన పొట్ట తెల్లదనాన్ని ఒక్కసారి మెరిపిస్తుంది. అప్పుడు చేయి ఆపాలి. రెండు సెకన్లు, నీరు మరీ చల్లగా ఉంటే నాలుగైదు సెకన్లు, లూర్ అదే లోతున అలాగే నిలబడి ఉంటుంది. వెనుక వస్తున్న మస్కీ రెక్కలు మాత్రమే ఆడిస్తూ ఆ దూరాన్ని తగ్గించుకుంటుంది, దాడి చేస్తే సాధారణంగా ఈ ఆగిన క్షణంలోనే చేస్తుంది. చేతికి పెద్ద గుంజు తగులుతుందని ఎదురుచూసేవారు ఇక్కడ మోసపోతారు. దారం ఉన్నట్టుండి పక్కకు జరగడమో, ఉండవలసిన బరువు లేకుండా సడలిపోవడమో మాత్రమే జరగవచ్చు. అటువంటి ఏ తేడా కనిపించినా కర్రను పక్కకు గట్టిగా లాగాలి.

పెట్టె మీద ఆగి నిలిచే లూర్ అని రాసి ఉన్నంత మాత్రాన అది అన్ని నీళ్లలో ఆగి నిలవదు. చల్లటి నీరు వెచ్చటి నీటి కంటే సాంద్రమైనది కనుక, వేసవిలో కదలక నిలిచిన లూర్ మే నెల నీటిలో మెల్లగా పైకి లేస్తుంది. దారానికీ లూర్‌కూ మధ్య కట్టే లీడర్ బరువైనదైతే దానికి భిన్నంగా ముట్టె కిందికి వాలుతుంది. అందువల్ల లీడర్ సహా లూర్‌ను పడవ పక్కన నీటిలో వదిలి చూడటం మొదటి పని. పైకి లేస్తుంటే కొక్కెం కాడకు సన్నటి సీసపు తీగ రెండు చుట్లు చుట్టడమో, పొట్ట కింద అంటించే సీసపు పట్టీ వేయడమో చేయాలి. సీసం వాడకంపై ఆంక్షలున్న చోట టంగ్‌స్టన్ పట్టీ వాడుకోవచ్చు. ఈ ఐదు నిమిషాల సర్దుబాటు కొత్త రంగు లూర్ కొనడం కంటే ఎక్కువ ఫలితమిస్తుందని గట్టిగా చెప్పవచ్చు.

రేకు తిరిగే లూర్‌లు

బక్‌టెయిల్ అనేది మస్కీ వేటకు దశాబ్దాలుగా గుర్తుగా నిలిచిన లూర్. నిటారు తీగ మీద గిరగిరా తిరిగే లోహపు రేకు, దాని వెనుక కొక్కేలను కప్పుతూ జింక తోక వెంట్రుకలు, లేదా వాటి స్థానంలో మెరిసే ప్లాస్టిక్ పోగులు, ఇదీ దాని నిర్మాణం. మెప్స్ సంస్థ చేసే మస్కీ కిల్లర్ ఈ కోవలో అందరికీ తెలిసినది. ఫ్రాన్సులో పుట్టిన మెప్స్‌కు అమెరికాలో స్థావరం విస్కాన్సిన్‌లోని ఆంటిగో అనే చిన్న పట్టణం. రేకు తిరుగుడు నీటిలో ప్రకంపనలు పుట్టిస్తుంది. చేప దేహం పొడవునా, మస్కీలో తల, దవడల మీద కూడా, నీటి కదలికను పసిగట్టే సూక్ష్మ రంధ్రాల వరుస ఉంటుంది. దీనిని పార్శ్వరేఖ వ్యవస్థ అంటారు. మస్కీ ప్రధానంగా కంటిచూపుతో వేటాడినా, చూపు అందని దూరం నుంచి లేదా కలక నీటిలో నుంచి లూర్ ఉనికిని దానికి మొదట తెలిపేది ఈ వ్యవస్థే.

రేకు పరిమాణాన్ని అంకెలతో చెబుతారు. వేసవి నడిమిలో 10వ నంబరు రేకులు జంటగా ఉన్న భారీ బక్‌టెయిల్‌లు బాగా పనిచేస్తాయి. తొలి వారాలకు 5 నుంచి 8 నంబర్ల మధ్య రేకు చాలు. రేకు ఆకారం మీద కూడా దృష్టి పెట్టాలి. దాదాపు గుండ్రంగా ఉండే కొలరాడో రేకు ఎక్కువ నీటిని తోస్తుంది, తక్కువ వేగంతోనే తిరుగుతుంది, లూర్‌ను పైకి ఎత్తిపడుతుంది; సన్నటి ఆకులా ఉండే విల్లో రేకు ఎక్కువ మెరుస్తుంది గాని, తిరగాలంటే దానిని కొంత వేగంగా లాగవలసి ఉంటుంది. మెల్లగా, లోతు తక్కువ నీటిలో, మొక్కల తలలకు తగలకుండా నడపవలసిన ఈ కాలానికి కొలరాడో వైపు మొగ్గు చూపడం సబబు. ఎంత మెల్లగా చుట్టాలో చేయే చెబుతుంది: రేకు తిరుగుతున్నంతసేపు గాలపు కర్రలో సన్నటి అదురు తెలుస్తుంది, అది ఆగిపోయే వేగానికి కొంచెం పైన ఉన్న వేగమే సరైనది. రీలు పిడిని మధ్యమధ్య ఒక్క సారి వేగంగా తిప్పితే వెంట్రుకలు విచ్చుకుని ముడుచుకుంటాయి, వెంట వస్తున్న చేపకు అది చాలాసార్లు చివరి ప్రేరణ అవుతుంది.

రెల్లు దుబ్బులు, పడిపోయిన చెట్ల కొమ్మలు ఉన్న చోట బక్‌టెయిల్ బదులు స్పిన్నర్‌బెయిట్ వాడాలి. వంచిన తీగ పై చేతికి రేకు, కింది చేతికి పైకి తిరిగిన ఒంటి కొక్కెం ఉండటంతో, ముందున్న తీగ అడ్డంకులను తోసేసి కొక్కేన్ని కాపాడుతుంది. దుకాణాల్లో దీనికి దక్కవలసిన గౌరవం దక్కడం లేదు. కొత్తవారు అతి తక్కువ చిక్కులతో నడపగలిగిన లూర్ ఇదే.

మొక్కల తలల మీదుగా

మే, జూన్ నెలల్లో నీటిమొక్కలు అడుగు నుంచి అప్పుడే లేస్తుంటాయి. అక్కడివారు క్యాబేజీ అని పిలిచే వెడల్పాకు నీటిమొక్క మస్కీకి ఎంతో ఇష్టమైన మాటు. ఎనిమిది అడుగుల నీటిలో ఆ మొక్క మూడడుగులే పెరిగి ఉంటే, లూర్ నడవవలసింది నాలుగైదు అడుగుల లోతున, మొక్క కొసలకు అప్పుడప్పుడు తగిలీ తగలనట్టు. నిరుటి కుళ్లిన గోధుమరంగు కాడల కంటే కొత్తగా పచ్చగా లేచిన మొక్కల వద్దే చేపలుంటాయి గనుక కొక్కేనికి చిక్కి వచ్చిన ఆకును పారేసే ముందు దాని రంగు చూడటం మంచిది.

ఈ పనికి అచ్చంగా సరిపోయే పాత లూర్ ఒకటుంది. ఫ్రాంక్ సుయిక్ పేరుతో ఆంటిగోలోనే పుట్టిన సుయిక్ అనే చెక్క లూర్‌కు ముందు పెదవి ఉండదు, వెనుక తోకగా వంచగలిగిన లోహపు రేకు ఉంటుంది. కర్రను పొడవుగా లాగితే అది తల వంచి కిందికి దిగుతుంది, వదిలితే మెల్లగా పైకి తేలుతుంది. తోక రేకును కిందికి కాస్త ఎక్కువ వంచితే లోతుగా, తక్కువ వంచితే పైపైన నడుస్తుంది. మొక్కకు తగిలిందని తెలియగానే లాగడం ఆపితే చాలు, తేలే స్వభావం వల్ల అదే చిక్కు విడిపించుకుని పైకి వస్తుంది. ఆ తేలే క్షణం గాయపడిన సకర్ చేప కదలికను చక్కగా పోలి ఉంటుంది. చలిగాలి వచ్చి వంపు చల్లబడినప్పుడు చేపలు లోతు మొదలయ్యే మొదటి అంచుకు జరుగుతాయి. అప్పుడు లూర్ రకం మార్చనక్కర లేదు, తోకను మరికాస్త వంచి, ఆపే సమయం పెంచితే సరిపోతుంది.

పెదవి లేకుండా ఎడమకూ కుడికీ జారే గ్లైడ్ లూర్‌లు, మెత్తటి ప్లాస్టిక్ తోక గల బుల్ డాగ్ వంటివి కూడా ఈ కాలంలో పనిచేస్తాయి. అయితే వీటిలో చాలావరకు మునిగే స్వభావం గలవి కనుక, లోతు తక్కువ నీటిలో ఆపితే అడుగు మొక్కల్లో కూరుకుపోతాయి; తక్కువ బరువుతో చేసిన రకాలనే తీసుకోవాలి. నీటి పైన చప్పుడు చేస్తూ నడిచే లూర్‌లు 65 డిగ్రీలు దాటిన ప్రశాంతమైన సాయంత్రాలకు మాత్రమే. పడవ నడుపుతూ వెనుక లూర్‌ను ఈడ్చే ట్రోలింగ్ పద్ధతి లేక్ సెయింట్ క్లెయిర్ వంటి విశాలమైన నీళ్లలో ప్రధానమే గాని, వంపుల్లో వేటకు దాని అవసరం రాదు.

పరిమాణం, రంగు

తొలి కాలంలో చిన్న లూర్, శరదృతువులో పెద్ద లూర్ అనేది వేటగాళ్లలో స్థిరపడిన సూత్రం. నీరు చల్లగా ఉండటం, చేప ఇంకా కోలుకుంటూ ఉండటం, వంపుల్లో దొరికే ఆహారం అరచేతి పొడవు పెర్చ్‌లు, షైనర్‌లు కావడం దీనికి కారణాలు. సూత్రం మొత్తం మీద సరైనదే అయినా దానిని ఆజ్ఞగా తీసుకోనక్కర లేదు. అడుగు పొడవు సకర్‌ను మింగగల చేప తొమ్మిది అంగుళాల లూర్‌ను మెల్లగా నడిపితే కాదనదు. పెద్ద లూర్ విఫలమయ్యేది ఎక్కువగా దాని పొడవు వల్ల కాదు, దానిని వేసవి వేగంతో లాగడం వల్ల. చిన్న లూర్‌తో ఒక చిక్కుంది: పైక్, బాస్ చేపలు కూడా దానిని అందుకుంటాయి. ఆ పట్టును సమయ నష్టంగా చూడకుండా, చిన్న చేపలు చురుకుగా ఉన్న చోట మస్కీ కూడా దగ్గరలో ఉండవచ్చనే సమాచారంగా తీసుకోవడం మంచిది.

రంగు గురించి చెప్పవలసింది తక్కువ. తేట నీటిలో వెండి రేకు, తెలుపు, పెర్చ్ చేప చారలు సరిపోతాయి. ఉత్తర విస్కాన్సిన్‌లో చాలా సరస్సుల నీరు చుట్టూ ఉన్న బురదనేలల్లో కుళ్లిన మొక్కల నుంచి వచ్చే టానిన్ వల్ల గోధుమరంగులో ఉంటుంది. అందులో రాగి రేకు, నారింజ, నలుపు బాగా కనబడతాయి. మసక వెలుతురులో నల్లటి లూర్ ఆకాశపు వెలుగుకు ఎదురుగా స్పష్టమైన నీడగా తెలుస్తుంది. ఈ మూడు మాటలకు మించి రంగు మీద డబ్బు ఖర్చు పెట్టడం తొలి ఏడాదిలో అనవసరం.

లూర్‌కు తగిన సరంజామా

భారీ లూర్‌ల కోసం చేసిన తొమ్మిదడుగుల మందపాటి గాలపు కర్రతో చిన్న మిన్నో లూర్‌ను విసిరితే అది దూరం పోదు, కుదుపులు కూడా దానికి చేరవు. ఎనిమిదడుగుల లోపు, కొన కాస్త వంగే కర్ర, 50 నుంచి 65 పౌండ్ల అల్లిక దారం తొలి వారాలకు సరిపోతాయి. మస్కీ పళ్లు మామూలు దారాన్ని ఇట్టే కోసేస్తాయి కాబట్టి లీడర్ లేకుండా ఒక్క విసురు కూడా వేయకూడదు. తెగిన దారంతో పోయే చేప నోటిలో కొక్కేలు ఉండిపోతాయి. మిన్నో లూర్‌కు 80 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్, బరువైన బక్‌టెయిల్‌కు అంతకు మించినది లేదా ఉక్కు తీగ వాడాలి. నోరు ఎముకతో గట్టిగా ఉంటుంది గనుక కొత్త లూర్ కొక్కేలను కూడా ఆకురాయితో పదును పెట్టుకోవాలి.

లూర్ ఎంత బాగున్నా విసురు పడవ దగ్గర ముగియదు. వెంట వచ్చిన మస్కీ పడవ పక్కన నిలబడి చూస్తున్నప్పుడు, లీడర్ కొనకు వచ్చేసరికి కర్రను నీటిలోకి దించి, లూర్‌ను పైకి ఎత్తకుండా ఎనిమిది అంకె ఆకారంలో వెడల్పాటి వంపులతో తిప్పాలి. చల్లటి నీటిలో వంపులు పెద్దవిగా, నిదానంగా ఉండాలి. ఇరుకైన మలుపును పొడవాటి దేహం అనుసరించలేదు. చేప కనిపించకపోయినా ప్రతి విసురు చివరా ఇలాగే చేయాలి, ఎందుకంటే గోధుమరంగు నీటిలో రెండడుగుల కింద ఉన్న చేప కంటికి ఆనదు. బక్‌టెయిల్ ఈ మలుపుల్లో కూడా రేకు తిప్పుతూనే ఉంటుంది. అందుకే చాలామంది అనుభవజ్ఞులు వెంట వచ్చే చేపలు ఎక్కువగా ఉన్న రోజు దానినే ఎంచుకుంటారు.

మొదటి ఏడాది పెట్టెలో ఐదు లూర్‌లకు మించి అవసరం లేదు. ఆగి నిలిచే మిన్నోలు వెండిరంగులో ఒకటి, పెర్చ్ రంగులో ఒకటి. బక్‌టెయిల్‌లు వెండి రేకుతో ఒకటి, రాగి రేకుతో నల్లటి వెంట్రుకలతో ఒకటి. మొక్కల కోసం ఒక స్పిన్నర్‌బెయిట్ లేదా సుయిక్. నడపడం బాగా వచ్చిన ఐదు లూర్‌లు, పరిచయం లేని యాభై లూర్‌ల కంటే ఎక్కువ చేపలను చూపిస్తాయి.

మిగిలిన డబ్బు చేపను ప్రాణంతో వదిలే సాధనాలకు పోవాలి. మిన్నెసోటా లోపలి సరస్సుల్లో 54 అంగుళాల కంటే చిన్న మస్కీని ఉంచుకోవడం నిషిద్ధం. చట్టం అనుమతించిన చోట కూడా పట్టి వదలడమే ఈ వేటలో మర్యాదగా స్థిరపడింది, 1966లో మిన్నెసోటాలో ఏర్పడిన మస్కీస్ ఇన్‌కార్పొరేటెడ్ సంఘం ఆ అలవాటును నాటింది. తొలి వారాల్లో పట్టుబడేది గుడ్లు పెట్టి బలం కోల్పోయిన చేప కాబట్టి ఈ మర్యాద అప్పుడు మరీ అవసరం. రబ్బరు పూత ఉన్న లోతైన పెద్ద వల, పొడవాటి ముక్కు ప్లయర్స్, కొక్కేన్ని అక్కడికక్కడే తెంపగల గట్టి కట్టర్ పడవలో చేతికి అందేలా ఉండాలి. చేపను వలలోనే నీటిలో ఉంచి ముల్లు తీయాలి. లోతుగా గుచ్చుకున్న కొక్కెంతో పెనుగులాడకుండా దానిని కోసేయాలి. ఫోటో కోసం ఎత్తితే రెండు చేతులతో అడ్డంగా, కొన్ని సెకన్లు మాత్రమే పట్టుకోవాలి. ఈ మూడు పరికరాలు లేనివారు ఆరో లూర్ కొనే ముందు వాటిని కొనాలి, అవి చేతిలో లేకుండా మస్కీ ఉన్న నీటిలో గాలం వేయరాదు.